పది నెలల పిల్లికి ఎఫ్‌ఐపీ అన్నారు, మందు లేదంటున్నారు. హైదరాబాద్‌లో ఎవరైనా బతికించుకున్నారా?

పెసర బెల్లం వాళ్ళమ్మ:
అందరికీ నమస్కారం. మేం మణికొండలో ఉంటాం, ఇంట్లో రెండు పిల్లులు, ఒక కుక్క. చిన్నోడు బెల్లం, పది నెలలు, పర్షియన్ కలిసినవాడు, బ్రీడర్ దగ్గర నుంచి తెచ్చుకున్నాం. పెద్దది పెసర, వీధిలో దొరికింది, నాలుగేళ్ళు ఉంటాయి. కొన్ని వారాలుగా బెల్లం సరిగ్గా తినట్లేదు, జ్వరం వస్తోంది పోతోంది, యాంటీబయాటిక్ ఇచ్చినా దిగలేదు. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగులుతున్నాయి కానీ పొట్ట మాత్రం ఉబ్బుతూ వచ్చింది. మొదట క్లినిక్‌లో నులిపురుగులేమో అని మందు వేశారు. నిన్న స్కాన్ చేస్తే పొట్టలో నీరు చేరిందన్నారు, సిరంజితో తీస్తే పసుపుపచ్చగా, జిగటగా సాగుతూ వచ్చింది. రక్త పరీక్షలో అల్బుమిన్, గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ల నిష్పత్తి 0.3 అని ఉంది. ఇది ఎఫ్‌ఐపీ, అంటే ఫీలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్ అనే పిల్లుల వైరస్ జబ్బు, దీనికి మందు లేదమ్మా, స్టెరాయిడ్ ఇస్తే కొన్నాళ్ళు కాస్త హాయిగా ఉంటాడు, బాధ ఎక్కువైతే నిద్రపుచ్చడం గురించి ఆలోచించండి అన్నారు డాక్టర్ గారు.

రాత్రంతా నెట్‌లో చదివాను, మందు ఉందని చాలామంది రాస్తున్నారు. ఒకాయన వాట్సాప్‌లో పేరు కూడా లేని సీసాల ఫోటోలు పంపి, డబ్బు ముందే పంపమంటున్నారు. ఏం నమ్మాలో అర్థం కావట్లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. ఇది కూడా కరోనా వైరసే అంటున్నారు కదా, మా అమ్మానాన్నలు పెద్దవాళ్ళు, వాళ్ళకి వస్తుందా? కుక్కకి వస్తుందా? పెసరని వేరే గదిలో పెట్టేశాం, అది తలుపు దగ్గరే కూర్చుని అరుస్తోంది. ఇంకొకటి, మా కుక్కకి వేసిన టీకా మీద కరోనా అని కూడా రాసుంది, అది పెసరకి వేయించొచ్చా? మన ఊళ్ళో ఎవరైనా ఈ జబ్బు నుంచి పిల్లిని బయటపడేసి ఉంటే దయచేసి చెప్పండి.

రాజేంద్రనగర్ పీజీ:
అక్కా, నేను వెటర్నరీ పీజీ చేస్తున్నాను. బెల్లాన్ని చూడకుండా ఇదే జబ్బు అని తేల్చి చెప్పలేను. కానీ ఏడాది లోపు వయసు, చాలా పిల్లులున్న చోట పుట్టడం, యాంటీబయాటిక్‌కి లొంగని జ్వరం, ఆ పసుపు నీరు, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. మీరు చెప్పిన నిష్పత్తి 0.4 కంటే తక్కువ ఉంటే అనుమానం బాగా బలపడుతుంది, 0.8 దాటితే దాదాపు ఇది కాదనుకోవచ్చు.

రేపే చేయించాల్సింది చెప్తాను. తీసిన నీరు ఇంకా ఉంటే క్లినిక్‌లోనే రివాల్టా పరీక్ష చేయమనండి. పరీక్షనాళికలో డిస్టిల్డ్ వాటర్ పోసి, ఒక చుక్క అసిటిక్ యాసిడ్ కలిపి, దాని పైన పొట్టలోంచి తీసిన నీరు ఒక చుక్క మెల్లగా వదులుతారు. ఆ చుక్క కలిసిపోయి మాయమైతే ఎఫ్‌ఐపీ కాకపోయే అవకాశం ఎక్కువ. ఆకారం చెదరకుండా పైన వేలాడినా, మెల్లగా అడుక్కి దిగినా పాజిటివ్. ఖర్చు ఏమీ ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. అయితే పాజిటివ్ వచ్చిందని అక్కడే ఆగకూడదు, పొట్టలో బాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నా, లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నా కూడా అలా రావచ్చు. అందుకే అదే నీటిని మైక్రోస్కోప్ కింద చూడమని, కరోనా పీసీఆర్‌కి పంపమని అడగండి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయిస్తామంటే వద్దనండి, ఆరోగ్యంగా తిరిగే పిల్లుల్లో కూడా చాలావాటికి అది పాజిటివే వస్తుంది, దాంతో మీకు తెలిసేదేమీ ఉండదు.

ఇప్పుడు మీ భయాల గురించి. పిల్లుల కరోనా వైరస్ మామూలుగా పేగుల్లో ఉంటుంది, మలం ద్వారా, అంటే లిట్టర్ పెట్టె ద్వారా ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది. చాలా పిల్లులున్న చోట దాదాపు అన్నిటికీ అంటుకుని ఉంటుంది, కాస్త విరేచనాలు అవుతాయి, కొన్నిటికి అవి కూడా ఉండవు. అలా సోకిన వాటిలో ఏ పదింట ఒకదానికో, ఇంకా తక్కువకో, ఆ పిల్లి ఒంట్లోనే వైరస్ మారిపోతుంది. మారాక అది పేగు కణాలను వదిలి మాక్రోఫేజ్ అనే తెల్ల రక్తకణాల్లో పెరగడం నేర్చుకుంటుంది. మామూలుగా వైరస్‌ని మింగి చంపాల్సిన కణాలే దాన్ని ఒళ్ళంతా మోసుకెళ్తాయి, రక్తనాళాలు వాచి లోపలి ద్రవం పొట్టలోకి కారుతుంది. బెల్లం పొట్టలోది అదే. ఆ మారిన రకం సాధారణంగా బయటికి వచ్చి పక్క పిల్లికి అంటుకోదు. పెసర ఇన్నాళ్ళూ బెల్లంతో ఒకే పెట్టె వాడింది, మామూలు రకం దానికి ఎప్పుడో సోకే ఉంటుంది, నాలుగేళ్ళ పిల్లికి ఈ జబ్బు రావడం కూడా తక్కువే, ఎక్కువగా రెండేళ్ళ లోపు వాటికే వస్తుంది. గది తలుపు తీసేయండి అక్కా. ఒంటరిగా పెడితే దానికి ఒత్తిడి తప్ప లాభం లేదు. లిట్టర్ పెట్టెలు ఇంకొకటి పెంచి రోజూ తీసేయండి, ఎండిన మట్టిలో ఈ వైరస్ కొన్ని వారాలు నిలుస్తుంది కానీ మామూలు బ్లీచింగ్‌తో చచ్చిపోతుంది.

అమ్మానాన్నలకు రాదు. కోవిడ్ వైరస్‌ది వేరే జాతి, ఇది మనుషులకు అంటదు. కుక్క టీకాలో ఉండేది కుక్కల పేగు కరోనాకి సంబంధించింది, పిల్లికి వేయకండి. అంతర్జాతీయ పశువైద్య సంఘం డబ్ల్యూఎస్‌ఏవీఏ ఆ భాగాన్ని కుక్కలకే సిఫారసు చేయదు. పిల్లుల ఎఫ్‌ఐపీకి ముక్కులో వేసే టీకా అమెరికాలో 1991లోనే వచ్చింది, దాన్నీ సిఫారసు చేయట్లేదు. ఈ జబ్బుకి టీకా తయారుచేయడం ఎందుకంత కష్టమంటే, ప్రయోగశాలల్లో ముందే యాంటీబాడీలున్న పిల్లులకు ఈ వైరస్ ఎక్కిస్తే కొన్నిట్లో జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా ముదిరింది. యాంటీబాడీ అంటుకున్న వైరస్ ఆ మాక్రోఫేజ్‌లలోకి ఇంకా తేలిగ్గా దూరిపోతుంది.

మందు లేదన్న మాట మాత్రం పాతది. దాని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

సైనిక్‌పురి వాసంతి:
అమ్మాయ్, ధైర్యంగా ఉండు. మా చిట్టికి ఇదే జబ్బు వచ్చింది, పొట్టలో నీరు, కళ్ళు చిగుళ్ళు పసుపు తిరగడం అన్నీ. మందు పడ్డాక నాలుగైదు రోజులకే జ్వరం దిగి గిన్నె దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది. ఇప్పుడు నా కీబోర్డు పక్కనే ఉంది. మాకూ మొదటి క్లినిక్‌లో నీకు చెప్పిందే చెప్పారు. తప్పు వాళ్ళదని కూడా అనను, వాళ్ళు చదువుకున్న రోజుల్లో పుస్తకంలో అదే రాసుండేది, కానీ ఇప్పుడు అలా చెప్పి పంపించేస్తే ఎన్ని పిల్లుల ప్రాణాలు పోతున్నాయో చూస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, వెళ్ళే ముందు ఫోన్ చేసి ఎఫ్‌ఐపీకి యాంటీవైరల్ ఇచ్చిన అనుభవం ఉందా అని నేరుగా అడుగు, లేదంటే ఇంకో చోటికి చెయ్యి. రోజులు పోనివ్వకు, ఇది వేగంగా ముదిరే జబ్బు.

ఇంట్లో చేయాల్సిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది బరువు. వంటింట్లో వాడే డిజిటల్ కాటా కొను, వారానికోసారి తూచి రాసిపెట్టు. డోసు కిలోకి ఇంత అని లెక్క, పిల్లి కోలుకుంటుంటే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే డోసూ పెంచాలి. పాత డోసే ఇస్తూ పోతే మందు చాలక జబ్బు తిరగబెడుతుంది. రోజూ ఒకే టైముకి ఇవ్వు, మధ్యలో బాగైపోయాడు కదా అని ఆపకు. కళ్ళు మసకబారినా, నడక తూలినా వెంటనే డాక్టర్‌కి చెప్పు, కంటికీ మెదడుకీ పాకితే డోసు బాగా పెంచాలి. రక్త పరీక్షలు నెలకోసారి ఉంటాయి, ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకో. ఖర్చు తక్కువేం కాదు, నిజం చెప్తున్నా. కానీ బెల్లం ఇంకా చిన్నోడు, బరువు తక్కువ కాబట్టి మందూ తక్కువే పడుతుంది.

పేరులేని సీసాలు వద్దు. లోపల ఎంత మందుందో ఎవరికీ తెలియదు.

పెసర బెల్లం వాళ్ళమ్మ:
వాసంతి గారూ, మీ మాట చదివి ఏడుపు ఆగలేదు. పెసర గది తలుపు తీశాం, వచ్చి వాడి పక్కనే పడుకుంది. పొద్దున్నే రివాల్టా చేయించాను, చుక్క అలాగే నిలిచింది, పీసీఆర్‌కి కూడా పంపారు. కొత్త డాక్టర్ గారు రెమ్‌డెసివిర్ అన్నారు. అది కోవిడ్ టైములో మా మామయ్య కోసం ఊరంతా తిరిగి వెతికిన ఇంజెక్షన్ కదా, పిల్లులకెలా ఇస్తారు?

జీడిమెట్ల ఫార్మా:
అదే ఇంజెక్షన్ అండీ. నేను మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను, వెట్‌ని కాదు, కానీ ఈ మందు కథ నాకు బాగా తెలుసు. ప్రతి హైదరాబాదీ తెలుసుకోవాల్సిన కథ అని కూడా నమ్ముతాను.

ఈ జబ్బుని 1963లో బోస్టన్‌లో జీన్ హోల్జ్‌వర్త్ అనే పశువైద్యురాలు మొదట వర్ణించారు. అప్పటి నుంచి యాభై ఏళ్ళకు పైగా సోకిన పిల్లి దాదాపుగా చనిపోవాల్సిందే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో నీల్స్ పెడెర్సన్ అనే శాస్త్రవేత్త 1960లలో విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ దీన్నే పట్టుకుని ఉన్నారు. పిల్లుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే ఎఫ్‌ఐవీ వైరస్‌ని 1986లో కనిపెట్టిన బృందం కూడా ఆయనదే. గిలియడ్ అనే అమెరికా మందుల కంపెనీ దగ్గర జీఎస్-441524 అనే అణువు ఉండేది. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని నకలు తీసుకునేటప్పుడు మధ్యలో ఇది ఇరుక్కుని ఆ పని ఆపేస్తుంది. పెడెర్సన్ బృందం దాన్ని ముందు ల్యాబులో పరీక్షించింది, ఆ తర్వాత నిజంగా జబ్బు పడి ఇళ్ళ నుంచి వచ్చిన 31 పిల్లులకు ఇచ్చింది. 2019లో ఫలితాలు వచ్చాయి. 5 పిల్లులు మొదట్లోనే చనిపోయాయి లేదా వాటిని నిద్రపుచ్చాల్సి వచ్చింది, మిగిలిన 26 కనీసం 12 వారాల కోర్సు పూర్తి చేశాయి. కొన్నిటికి తిరగబెడితే ఎక్కువ డోసుతో మళ్ళీ ఇచ్చారు. పేపర్ అచ్చయ్యే నాటికి 25 బతికి ఉన్నాయి. ఒక్కటి కూడా మిగలని జబ్బులో 25 మిగలడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

రెమ్‌డెసివిర్ కూడా ఈ కుటుంబంలోదే. దాన్ని ఒంట్లోకి ఎక్కిస్తే రక్తంలో మారి వచ్చేది ఈ జీఎస్-441524నే. ఆ కంపెనీ మనుషుల మందు మీద దృష్టి పెట్టి జీఎస్‌ని జంతువుల మందుగా బయటికి ఇవ్వలేదు. దాంతో చైనా నుంచి దొంగచాటు సీసాలు మొదలయ్యాయి. మీకు వాట్సాప్‌లో వచ్చినవి ఆ సంతలోవే. అప్పట్లో వేరే దారి లేక ప్రపంచమంతా జనం అవే కొని వేల పిల్లుల్ని బతికించుకున్నారు, వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ లేబుల్ మీద రాసినంత మందు లోపల ఉందో లేదో తేల్చడమే నా రోజువారీ పని కాబట్టి, అసలు లేబులే లేని దాన్ని ఎవరినీ కొనమని చెప్పలేను. ఇప్పుడు బ్రిటన్‌లో 2021 నుంచి, అమెరికాలో 2024 జూన్ నుంచి పశువైద్యులు చట్టబద్ధంగానే రాస్తున్నారు.

మన ఊరి సంగతికొస్తే, 2020 జూన్‌లో రెమ్‌డెసివిర్ జెనరిక్‌ని కోవిఫర్ పేరుతో తెచ్చింది హైదరాబాద్ కంపెనీ హెటెరోనే. అమెరికా, ఆస్ట్రేలియా పిల్లుల యజమానులు అర్ధరాత్రి పార్కింగ్ స్థలాల్లో చేతులు మార్చుకున్న మందుకి సొంత అన్న లాంటిది మన పక్క వీధి ఫ్యాక్టరీల్లో తయారైంది. అయినా మన దగ్గర పిల్లి చనిపోతోంది అంటే మందు లేక కాదు, ఆ మందు ఉందన్న కబురు చేరక. మీ మామయ్య కోసం వెతికిన రోజుల్లాంటి కరువు ఇప్పుడు లేదు. డాక్టర్ గారి చీటీతో మందుల షాపులో అడగండి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న పెట్టె తీసుకోండి, బిల్లు తీసుకోండి. ఇంజెక్షన్ కాస్త మండుతుంది, అందుకే చాలామంది మొదట కొన్ని రోజులు ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత నోటితో ఇచ్చే జీఎస్-441524కి మారుస్తారు.

మోల్నుపిరావిర్ అనే ఇంకో కోవిడ్ మాత్ర కూడా వాడుతున్నారు, అదీ ఇక్కడ దొరుకుతుంది. కానీ దాని పని తీరు వేరు, వైరస్ జన్యువులో తప్పులు పేర్చుకుంటూ పోతుంది, అందుకే మొదటి మందు పని చేయనప్పుడో, తిరగబెట్టినప్పుడో తీసుకుంటే మేలని నా అభిప్రాయం. ఇంట్లో గర్భవతి ఉంటే ఆ మాత్ర విరిచే పని ఆమె చేయకూడదు, ఎవరు చేసినా గ్లవుజులు వేసుకోవాలి.

మల్కాజ్‌గిరి ఫీడర్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా కాలనీలో నేను వీధి పిల్లులకు అన్నం పెడతాను, పదికి పైనే ఉంటాయి. పక్క పిల్లికి అంటుకోదు అని పీజీ తమ్ముడు రాశాడు, మరి సైప్రస్ దీవిలో పిల్లులు వందలుగా చనిపోయాయని వార్తల్లో చూశాను, అది ఇదే జబ్బు కదా? అది ఇక్కడికి వస్తే వీటికి ఎవరు మందు ఇస్తారు?

రాజేంద్రనగర్ పీజీ:
మంచి ప్రశ్న అన్నా, అందుకే పైన సాధారణంగా అని రాశాను. 2023లో సైప్రస్‌లో వచ్చినది మామూలు ఎఫ్‌ఐపీ లాంటిది కాదు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం వాళ్ళు, సైప్రస్ వెట్‌లు కలిసి వైరస్ జన్యుక్రమం తీస్తే, పిల్లుల కరోనా వైరస్ కుక్కల కరోనా వైరస్‌తో కలిసిపోయి, కణాలకు అతుక్కోవడానికి వాడే దాని స్పైక్ ముక్కని తెచ్చుకుందని తేలింది. దానికి ఎఫ్‌కోవ్-23 అని పేరు పెట్టారు. ఇది పిల్లి నుంచి పిల్లికి నేరుగా పాకింది, వయసుతో పని లేకుండా పెద్ద పిల్లులకూ వచ్చింది. అక్కడి ప్రభుత్వం 2023 ఆగస్టులో మనుషుల కోసం నిల్వ చేసిన కోవిడ్ మాత్రలను పిల్లులకు వాడటానికి అనుమతిచ్చింది. సైప్రస్ నుంచి బ్రిటన్‌కి తెచ్చిన ఒక పిల్లిలో కూడా ఆ వైరస్ దొరికింది, అంటే ప్రయాణించగలదు.

బెల్లానిది ఆ రకమని అనుకోవడానికి ఏ కారణమూ లేదు. మీరు గమనించాల్సింది ఏంటంటే, ఒకే చోట తినే పెద్ద పిల్లులు, నాలుగైదేళ్ళవి కూడా, వరసగా జ్వరంతో, పొట్ట ఉబ్బి పడిపోతున్నాయా అన్నది. అలా కనిపిస్తే నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి గానీ మా కాలేజీకి గానీ తీసుకురండి, నీటి నమూనా తీయాలి. కుక్కలూ పిల్లులూ ఒకే గిన్నెల్లో తిని, ఒకే మట్టిలో తిరిగే మన వీధుల్లో ఈ రెండు వైరస్‌లు కలుసుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి నమూనాలు పరీక్షించే పని ఇక్కడ ఇంకా చాలా జరగాలని నా గట్టి నమ్మకం. మీ పదింటికీ ఇప్పుడు నిజంగా పెద్ద ముప్పు పాన్‌ల్యూకోపీనియా అనే ఇంకో వైరస్ జబ్బు, దానికి టీకా ఉంది, పట్టుబడినవాటికి రేబీస్‌తో పాటు అదీ వేయించండి.

అక్కా, కోర్సు ఎన్నాళ్ళు అని మీ డాక్టర్ గారు చెప్పారా? 84 రోజులన్నది పెడెర్సన్ 12 వారాల నుంచి వచ్చిన లెక్క. మ్యూనిక్‌లో 2024లో పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరిన 40 పిల్లులను రెండు గుంపులు చేసి నోటి మందు ఒకదానికి 42 రోజులు, ఇంకోదానికి 84 రోజులు ఇచ్చారు, రెండూ ఒకేలా కోలుకున్నాయి.

సైనిక్‌పురి వాసంతి:
తమ్ముడూ, ఆ పేపర్ గురించి నేనూ విన్నాను, కానీ అక్కడ తరచుగా రక్తం తీసి స్కాన్ చేసి చూశారు. మన దగ్గర ఒకసారి రక్తం తీయించడానికే పిల్లిని బుట్టలో పెట్టుకుని ట్రాఫిక్‌లో గంట పోవాలి. అంత గట్టిగా చూసుకోలేనప్పుడు నేనైతే 84కే ఓటేస్తాను. తిరగబెడితే రెండో కోర్సు ఖర్చు ఇంకా ఎక్కువ.

రాజేంద్రనగర్ పీజీ:
దాన్ని కాదనను. కంటికీ మెదడుకీ పాకిన పిల్లులకు ఆ 42 వర్తించదు కూడా. పరీక్షలన్నీ మామూలుకొచ్చాయని కాగితం మీద చూశాకే డాక్టర్ గారు తగ్గించాలి, మనం ఇంట్లో తగ్గించుకునేది కాదు.

పెసర బెల్లం వాళ్ళమ్మ:
అందరికీ చెప్తున్నా, పీసీఆర్ పాజిటివ్ వచ్చింది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి, మందు బిల్లుతోనే కొన్నాం. జ్వరం దిగింది, నిన్న రాత్రి ఉడకబెట్టిన చికెన్ కొంచెం తిన్నాడు, పొట్ట ఇంకా ఉబ్బుగానే ఉంది. డాక్టర్ గారు 84 రోజులే అన్నారు, ఆ తర్వాత ఇంకో 84 రోజులు మందు లేకుండా గమనించాలన్నారు. మొదటి క్లినిక్‌లో మొదలుపెట్టిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపకుండా తగ్గిస్తూ ఆపుతామన్నారు, అది సరైనదేనా? న్యూటరింగ్, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, వచ్చే నెల అనుకున్నాం, దాన్ని ఏం చేయాలి?

రాజేంద్రనగర్ పీజీ:
స్టెరాయిడ్ విషయంలో డాక్టర్ గారు చెప్పిందే సరి, ఆయన చెప్పిన లెక్క ప్రకారం తగ్గించండి. న్యూటరింగ్ తొందరేమీ లేదు, కోర్సు, గమనింపు అయ్యాక రక్త పరీక్ష చూసి పెట్టుకోండి. పొట్టలో నీరు రెండు వారాల్లో బాగా తగ్గాలి, తగ్గకపోతే డోసు సరిపోతోందా, ఇంకేమైనా జబ్బు కలిసి ఉందా అని మళ్ళీ చూడమని అడగండి. ఊపిరి వేగంగా తీస్తున్నా, నోరు తెరిచి తీస్తున్నా మాత్రం ఆగకుండా ఆ రాత్రే తీసుకెళ్ళండి, నీరు ఛాతీలో కూడా చేరి ఉండొచ్చు.